ఏకాభిప్రాయాన్ని ఖాతరు చేయని మంచు

ధ్రువ ప్రాంతాల్లో అంతర్జాతీయ సహకారం అడుగంటిపోయిందని ఈ మధ్య కొందరు శాస్త్రవేత్తలు, వారి మాటలు విని మరికొందరు పాత్రికేయులు వాపోతున్నారు. ఈ ఆరోపణను మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. అక్కడి వ్యవహారాలు చూస్తున్న దేశాలన్నీ నియమావళిని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. సమావేశాలకు ముందుగానే నోటీసులు ఇస్తున్నాయి, అజెండా పంచుకుంటున్నాయి, ఒక్క సభ్యుడు తల అడ్డంగా ఊపినా తీర్మానాన్ని సగౌరవంగా మరుసటి ఏటికి వాయిదా వేస్తున్నాయి. ఇంత పద్ధతిగా సాగుతున్న కార్యక్రమాన్ని భగ్నం చేస్తున్న పక్షం ఒక్కటే ఉంది, అది మంచు. ఏ కార్యవర్గం ముందూ ప్రతిపాదన పెట్టకుండా, ఎవరి సమ్మతీ కోరకుండా, 2025 మార్చిలో ఆర్కిటిక్ సముద్రపు మంచు తన శీతకాలపు గరిష్ఠ విస్తీర్ణాన్ని దాదాపు 1.43 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆపేసింది. ఉపగ్రహాలు లెక్క కట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి అప్పటి వరకు అంత తక్కువ ఎన్నడూ నమోదు కాలేదు. దక్షిణాన దాని ప్రవర్తన ఇంకా అధ్వానం. 2023 సెప్టెంబరులో, అంటే అంటార్కిటికాలో చలికాలం ముగిసే వేళకు, అది 1.7 కోట్ల చదరపు కిలోమీటర్లయినా చేరకుండానే వెనక్కి తిరిగింది. ఇంత జరిగినా దాని మీద ఇంతవరకు ఎటువంటి క్రమశిక్షణ చర్యా లేదు.

ముందుగా ఉత్తరం సంగతి చూద్దాం. ఆర్కిటిక్ కౌన్సిల్ 1996లో ఒట్టావా ప్రకటనతో పుట్టింది. కెనడా, అమెరికా, రష్యా, డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ సభ్య దేశాలు. వేల ఏళ్లుగా అక్కడే బతుకుతున్న సామీ, ఇన్యుయిట్ తదితర మూలవాసుల సంస్థలు ఆరింటికి శాశ్వత భాగస్వాములనే గౌరవం దక్కింది, నిర్ణయాధికారం దక్కలేదు. వ్యవస్థాపకుల దూరదృష్టి తెలియాలంటే ఆ ప్రకటనలోని ఒక చిన్న పాదసూచిక చదవాలి. సైనిక భద్రతకు సంబంధించిన విషయాల జోలికి కౌన్సిల్ పోరాదని అది చెబుతుంది. అణు జలాంతర్గాములు మంచు కింద కాపలా తిరిగే సముద్రం చుట్టూ ఉన్న దేశాల వేదికకు ఇంతకన్నా సముచితమైన నియమం దొరకదు. దేని దగ్గర తగవు వస్తుందో దాన్ని ముందే గడప బయట వదిలేస్తే, లోపల మిగతా విషయాల మీద ఎంతకాలమైనా సఖ్యంగా ఉండవచ్చు. నిజం చెప్పాలంటే వారు ఉన్నారు కూడా. సముద్రంలో చిక్కుకున్నవారిని వెదికి కాపాడటంపై 2011లో, చమురు ఒలికితే ఎదుర్కోవడంపై 2013లో, శాస్త్ర పరిశోధనలో సహకారంపై 2017లో కట్టుబడి తీరవలసిన ఒప్పందాలే కుదుర్చుకున్నారు. ఈ మూడింటినీ మేము తక్కువ చేయడం లేదు; పక్కవాడి ఓడ మునిగితే చేయి అందిస్తామని రాసుకోవడం చిన్న విషయమేమీ కాదు.

అయితే దౌత్య కళ అసలు శిఖరాన్ని అందుకున్నది 2019 మే నెలలో, ఫిన్లాండ్‌లోని రొవానియెమిలో. అక్కడ జరిగిన మంత్రుల సమావేశం, కౌన్సిల్ పుట్టిన తర్వాత మొట్టమొదటిసారిగా, సంయుక్త ప్రకటన లేకుండా ముగిసింది. ముసాయిదాలో వాతావరణ మార్పు ప్రస్తావన ఉండటానికి అమెరికా ప్రతినిధి వర్గం ఒప్పుకోకపోవడమే కారణం. భూగోళం సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతున్న ప్రాంతం గురించి చర్చించడానికి వచ్చినవారు ఆ వేడి పేరెత్తకూడదని పట్టుబట్టడం మూర్ఖత్వమని తొందరపాటు మనుషులు అంటారు. వారు అంతకు ముందు రోజు అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో చేసిన ప్రసంగాన్ని శ్రద్ధగా వినలేదన్నమాట. సముద్రపు మంచు తగ్గుతూ రావడం వల్ల కొత్త జలమార్గాలు, కొత్త వాణిజ్య అవకాశాలు తెరుచుకుంటున్నాయని, ఆసియాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య ప్రయాణం 20 రోజుల దాకా తగ్గవచ్చని ఆయన సంతోషంగా వివరించారు. కాబట్టి విధానం స్పష్టంగానే ఉంది. మంచు కరగడం వల్ల వచ్చే ఆదాయాన్ని ప్రస్తావించవచ్చు. కరుగుతోందన్న విషయాన్ని ప్రస్తావించరాదు. ఇందులో వైరుధ్యం చూసేవారికి జమాఖర్చుల పుస్తకంలో జమ ఒక పేజీలోనూ ఖర్చు మరో పేజీలోనూ రాస్తారన్న ప్రాథమిక జ్ఞానం లేదనుకోవాలి.

2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. అప్పుడు కౌన్సిల్ అధ్యక్ష పీఠంలో ఉన్నది రష్యాయే. మార్చి 3న మిగిలిన ఏడు దేశాలూ సమావేశాలకు రాబోమని ప్రకటించాయి. పొరుగుదేశపు నగరాలపై బాంబులు వేస్తున్నవారి అధ్యక్షతన కూర్చుని ధ్రువపు ఎలుగుల గురించి మాట్లాడలేమనడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు, ఇక్కడ మాకు వ్యంగ్యం కూడా రావడం లేదు. మా ఫిర్యాదు వాతావరణం మీదనే. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం రష్యాది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలలో అత్యధిక భాగం సైబీరియాలోనే ఉంది. ఉత్తర ప్రాంతపు ఆ నేలల్లో నిలవ ఉన్న కార్బన్ వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. దౌత్య సంబంధాలు తెగిన మరుక్షణం ఆ కార్బన్ కూడా బాధ్యతగా సరిహద్దు దాటడం మానేసి ఉండవలసింది. మానలేదు. మానుకున్నవి కొలతలు మాత్రమే. రష్యాలోని పరిశోధన కేంద్రాల నుంచి బయటి శాస్త్రవేత్తలకు సమాచారం రావడం చాలావరకు ఆగిపోయింది. ఆ కేంద్రాలను లెక్కలోంచి తీసేస్తే ఆర్కిటిక్ గురించి మనకు కనబడే చిత్రం ఎంత వంకర పోతుందో 2024లో ఒక పరిశోధక బృందం గణించి చూసింది. కొన్ని విషయాల్లో ఆ వంకర, ఈ శతాబ్దం చివరికి వాతావరణ మార్పు తెస్తుందనుకుంటున్న తేడా అంత ఉంటుందని తేలింది. అంటే ఎనభై ఏళ్ల వేడి చేయవలసిన పనిని మనం ఒక్క సంతకంతో చేసి చూపించామన్నమాట. మానవ ప్రయత్నం ముందు ప్రకృతి ఏపాటిదని అడిగేవారికి ఇదే జవాబు.

అదే సైబీరియాలో, నొరీల్స్క్ దగ్గర, 2020 మే నెలలో ఒక విద్యుత్ కేంద్రపు డీజిల్ ట్యాంకు ఒరిగి పగిలింది. దాదాపు 21,000 టన్నుల ఇంధనం నేలలోకీ నదుల్లోకీ పోయి నీరు ఎర్రబడింది. గడ్డకట్టిన నేల కరగడంతో ట్యాంకు ఆధారాలు కుంగి ఉంటాయని కంపెనీ వెంటనే వేలు చూపింది. నిర్మాణంలోనే లోపాలున్నాయని తర్వాత దర్యాప్తులో తేలిందనుకోండి. అయినా మాకు ఆ ఘటనలో ఆశాకిరణం కనిపించింది. చమురూ నికెలూ తవ్వితీసే ప్రపంచం మొత్తం మీద వాతావరణ మార్పును ఇంత తక్షణంగా, ఇంత నిస్సంకోచంగా అంగీకరించిన సందర్భాలు అరుదు. జరిమానా పడే సూచన కనిపిస్తే చాలు, శాస్త్రం మీద నమ్మకం దానంతట అదే కుదురుతుంది.

ఇక ఆస్తి పంపకాలు. 2007 ఆగస్టులో రష్యన్ జలాంతర్వాహనం ఒకటి సరిగ్గా ఉత్తర ధ్రువం కింద 4,261 మీటర్ల లోతుకు దిగి, తుప్పు పట్టని టైటానియం జెండాను సముద్రపు అడుగున పాతి వచ్చింది. లోమొనోసొవ్ అనే జలాంతర్గత పర్వతశ్రేణి తమ ఖండానికి కొనసాగింపేనని రష్యా, కాదు మాదని గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్, మాది కూడానని కెనడా, ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కింద ఏర్పడిన సంఘానికి కట్టల కొద్దీ సమర్పణలు పంపాయి. ఆ చట్టాన్ని ఇప్పటికీ ఆమోదించని అమెరికా కూడా 2023 డిసెంబరులో సముద్రం అడుగున సాగే తన విస్తృత ఖండతీరపు హద్దులు ప్రకటించింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ చెల్లదని గమనించాలి, ఎందుకంటే ఇక్కడ నలుగురు తండ్రులూ నాలుగు పేర్లూ సిద్ధంగా ఉన్నాయి.

ఈ విషయంలో ఆదర్శప్రాయమైన యుద్ధం ఒకటి జరిగింది. గ్రీన్‌లాండ్‌కూ కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికీ మధ్య జలసంధిలో హాన్స్ దీవి అని ఒక బండరాయి ఉంది. విస్తీర్ణం 1.3 చదరపు కిలోమీటర్లు, చెట్టు లేదు, మనిషి లేడు, చెప్పుకోదగ్గ ఖనిజమూ లేదు. 1973లో డెన్మార్క్, కెనడా సముద్ర సరిహద్దు గీసుకుంటూ ఈ దీవి దాకా వచ్చి గీత ఆపి, దీవికి అవతలి ఒడ్డు నుంచి మళ్లీ మొదలుపెట్టాయి. 1984లో కెనడా వారు అక్కడ జెండా పాతి ఒక విస్కీ సీసా పెట్టి వెళ్లారు. తర్వాత వచ్చిన డెన్మార్క్ వారు ఆ జెండా పీకి తమది నిలబెట్టి, తమ దేశపు మద్యం సీసా ఒకటి వదిలి వెళ్లారు. అక్కడ నుంచి వంతులవారీగా జెండాలు మారుతూ, సీసాలు చేరుతూ వచ్చాయి. 2022 జూన్‌లో, ఉక్రెయిన్‌లో ఫిరంగులు మోగుతుండగా, రెండు దేశాలూ ఆ బండను పంచుకుని కాగితాల మీద సంతకాలు చేశాయి. కోరి తెచ్చుకునే శత్రుత్వం అంటూ ఉంటే ఇలాంటిది ఉండాలి. దాదాపు నలభై ఏళ్ల వివాదంలో నష్టపోయింది సీసాలు మాత్రమే.

గ్రీన్‌లాండ్ విషయంలో మాత్రం సీసాల దశ దాటిపోయింది. 2019లో ఆ దీవిని కొంటానని డొనాల్డ్ ట్రంప్ అన్నప్పుడు డెన్మార్క్ ప్రధాని అది అర్థరహితమైన చర్చ అన్నారు, ఆయన అలిగి పర్యటన రద్దు చేసుకున్నారు. 2025 జనవరిలో మళ్లీ అదే కోరిక వెలిబుచ్చి, సైనిక బలమో ఆర్థిక బలమో ప్రయోగించబోనని హామీ ఇవ్వలేనన్నారు. ఆ ఏడాది మే నెలలోనే ఆర్కిటిక్ కౌన్సిల్ అధ్యక్ష బాధ్యత డెన్మార్క్ రాజ్యానికి వచ్చింది, ఆ రాజ్యం తరఫున పీఠం మీద కూర్చోవలసింది గ్రీన్‌లాండ్ విదేశాంగ మంత్రే. అధ్యక్షుల వారి భూభాగాన్ని సభ్యుల వారు అడుగుతున్నారు. ఈ సంగతి సభలో ఎత్తుదామంటే సైనిక విషయాలు నిషిద్ధమన్న పాదసూచిక అడ్డం. 1996 నాటి మహనీయుల ముందుచూపుకు మరోసారి నమస్కరించక తప్పదు.

కొనుగోలుదారులు ఆస్తి పత్రాలు సరిచూసుకోవాలని మా సలహా. గ్రీన్‌లాండ్ మీది మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం ఏడు మీటర్లు పెరుగుతుంది కనుక, ఆ దీవితోపాటు మిగతా ప్రపంచపు తీరప్రాంతాల మీద కూడా వారికి కొంత బాధ్యత సంక్రమిస్తుంది. అదీగాక అక్కడ వారి పాత సామాన్లు కొన్ని ఉన్నాయి. 1959లో అమెరికా సైన్యం వాయవ్య గ్రీన్‌లాండ్‌లో మంచును తొలిచి, సొరంగాల్లో క్యాంప్ సెంచరీ అనే స్థావరం కట్టి, దానికొక చిన్న అణు రియాక్టరు కూడా అమర్చింది. మంచు కింద వందల క్షిపణులు దాచాలన్న అసలు పథకాన్ని డెన్మార్క్‌కు చెప్పలేదు. మంచు కదులుతుందని, సొరంగాలు నలిగిపోతాయని తెలుసుకుని 1967లో ఖాళీ చేశారు. రియాక్టరును తీసుకెళ్లారు గానీ డీజిలూ మురుగూ రసాయనాలూ కొద్దిపాటి రేడియోధార్మికత గల వ్యర్థాలూ అక్కడే వదిలారు, మంచు కప్పేసి శాశ్వతంగా దాస్తుందన్న ధీమాతో. ఈ శతాబ్దం గడిచేలోగా ఆ ప్రాంతంలో కురిసే మంచు కన్నా కరిగేది ఎక్కువ కావచ్చని 2016లో ఒక అధ్యయనం హెచ్చరించింది. మంచు మీద నమ్మకం ఉంచి రహస్యం అప్పగిస్తే అది ఇలా బయటపెట్టడం ఏ దౌత్య మర్యాద?

మంచు తగ్గేకొద్దీ మంచును చీల్చే ఓడల మీద మోజు పెరగడం మరో ముచ్చట. అణుశక్తితో నడిచే మంచుకోత నౌకల దళం రష్యాకు తప్ప మరెవరికీ లేదు. అమెరికా భారం మోస్తున్న పోలార్ స్టార్ అనే మంచుకోత నౌక 1976లో సేవలో చేరింది. అందువల్ల 2024 జూలైలో అమెరికా, కెనడా, ఫిన్లాండ్ కలిసి ఇటువంటి నౌకలు నిర్మించుకునేందుకు ఒప్పందానికి వచ్చాయి. సహకారం చచ్చిపోయిందనేవారు ఇది గమనించాలి.

దక్షిణానికి వెళితే వాతావరణం మరింత పవిత్రంగా ఉంటుంది. 1959లో పన్నెండు దేశాలు సంతకం చేసిన అంటార్కిటికా ఒప్పందం ఆ ఖండాన్ని శాంతికీ శాస్త్రానికీ అంకితం చేసింది. అర్జెంటీనా, ఆస్ట్రేలియా, చిలీ, ఫ్రాన్స్, న్యూజిలాండ్, నార్వే, బ్రిటన్ తమవిగా చెప్పుకున్న భూములపై హక్కులు ఉన్నాయని ఆ ఒప్పందం అనలేదు, లేవనీ అనలేదు; ఎవరి వాదన వారి జేబులో పెట్టుకోమంది. జేబులో ఉన్నదాన్ని అప్పుడప్పుడు తడిమి చూసుకోవడం మానవ సహజం. 1978లో అర్జెంటీనా ఒక నిండు గర్భిణిని తన ఎస్పెరాంజా స్థావరానికి పంపి ఆ ఖండంలో తొలి శిశువు పుట్టేలా చూసుకుంది. 1984లో చిలీ కూడా తన స్థావరంలో ఒక పురుడు పోసింది. సార్వభౌమత్వం కోసం క్షిపణులకు బదులు ఉయ్యాలలు మోహరించిన ఈ పోటీని మేము మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాము.

ఇక్కడ నిర్ణయాలు, సంప్రదింపు సభ్యులని పిలిచే, నిర్ణయాధికారం గల 29 దేశాల ఏకాభిప్రాయంతోనే జరగాలి. దీని అందం తెలియాలంటే ఎంపరర్ పెంగ్విన్ దస్త్రం తిరగేయాలి. ఈ పక్షి ఒడ్డుకు అతుక్కుని గడ్డకట్టిన సముద్రపు మంచు మీదే గుడ్డు పెట్టి, చీకటి చలికాలమంతా తండ్రి పక్షి పాదాల మీద పొదిగి, పిల్లకు నీరు చొరని ఈకలు వచ్చే డిసెంబరు, జనవరి దాకా ఆ మంచు నిలవాలని ఆశిస్తుంది. దీన్ని ప్రత్యేక రక్షిత జాతిగా గుర్తించాలన్న ప్రతిపాదన 2022లో బెర్లిన్ సమావేశానికి వచ్చింది. చైనా ఒప్పుకోలేదు. అంతరించిపోతుందనడానికి ఆధారాలు చాలవు, ఇంకా పరిశీలించాలి అంది. పెంగ్విన్లు అదే ఏడాది చివర ఆధారాలు సమర్పించడానికి ప్రయత్నించాయి. బెల్లింగ్స్‌హౌసెన్ సముద్ర ప్రాంతంలో ఈకలు రాకముందే మంచు విరిగిపోయి, ఐదు కాలనీల్లో నాలుగింటిలో పిల్లలు బతికి ఉండే అవకాశం లేదని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. దురదృష్టవశాత్తు ఇవి నిర్ణీత నమూనాలో, గడువు లోపల, సచివాలయానికి అందిన పత్రాలు కావు. 2024లో కొచ్చి సమావేశంలోనూ పెంగ్విన్‌కు ఆ హోదా రాలేదు. అయితే అక్కడ నిరాశ పడింది అది ఒక్కటే కాదు. సంప్రదింపు హోదా కోరిన కెనడా, బెలారస్‌లు కూడా ఏకాభిప్రాయం లేక వెనుదిరిగాయి. నిష్పక్షపాతం అంటే ఇది.

సముద్ర జీవుల సంరక్షణకు వేరే సంఘం ఉంది, దాని కార్యాలయం హోబార్ట్‌లో ఉంటుంది. అది 2016లో రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. బహుశా తాను కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది, ఎందుకంటే తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రాల్లో అటువంటివే ఏర్పరచాలన్న ప్రతిపాదనలు ఆ తర్వాత ఏటేటా రష్యా, చైనా అభ్యంతరాలతో ఆగిపోతూనే ఉన్నాయి. ఈలోగా అక్కడ తిమింగలాలు, సీళ్లు, పెంగ్విన్లు తిని బతికే క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవిని నౌకలు తోడుకుపోతున్నాయి, చేపల పెంపకానికి మేతగా, మనుషులకు నూనె గోళీలుగా. దీనికి ఏడాదికి 6.2 లక్షల టన్నుల పరిమితి ఉంది. వేట ఒక్కచోటే పడకుండా ప్రాంతాలవారీగా పంచే నియమం కూడా ఉండేది. 2024లో దాన్ని పొడిగించడానికి ఏకాభిప్రాయం కుదరలేదు. మరుసటి సీజనులో, 2025 ఆగస్టుకే, పరిమితి మొత్తం నిండిపోయి వేట మూసేయవలసి వచ్చింది. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అని మన పెద్దలు అన్నప్పుడు హోబార్ట్ సంగతి వారికి ఎలా తెలిసిందో తెలియదు.

ఈ ఉజ్జ్వల చరిత్రకు మచ్చ తెచ్చే ఉదంతాలు లేకపోలేదు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా, 1973లో, అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, డెన్మార్క్, నార్వే ధ్రువపు ఎలుగుల వేటను కట్టడి చేస్తూ ఒప్పందం చేసుకున్నాయి, పైపెచ్చు దాన్ని అమలు చేశాయి. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం అంటార్కిటికాలో గనుల తవ్వకాన్ని నిషేధించింది. 2048 తర్వాత ఏ సంప్రదింపు దేశమైనా సమీక్ష కోరవచ్చునే గానీ నిషేధం దానంతట అది రద్దు కాదు. 2018లో రష్యా, అమెరికా, చైనా సహా తొమ్మిది దేశాలూ ఐరోపా సమాఖ్యా కలిసి ఆర్కిటిక్ మహాసముద్రం నడిబొడ్డున వాణిజ్య చేపల వేటను 2021 నుంచి 16 ఏళ్లపాటు వద్దనుకున్నాయి. అక్కడ వేటంటూ ఇంకా మొదలే కాలేదు! చేపలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోకుండా వల వేయరాదన్న ఇటువంటి అనాగరిక భావన ఇతర రంగాలకు పాకితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఉక్రెయిన్ యుద్ధం కూడా ఈ ఒప్పందాన్ని చెడగొట్టలేకపోవడం మమ్మల్ని కలవరపెడుతున్న మరో అంశం.

అందువల్ల సభ్య దేశాల పరిశీలనకు మా ప్రతిపాదన ఒకటి. మంచును బయట ఉంచి దాని గురించి మాట్లాడటం వల్లనే అది ఇలా కట్టుతప్పుతోంది కాబట్టి, దానికి ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక హోదా ఇవ్వాలి. భారత్, చైనా, జపాన్ వంటి దేశాలకు 2013లో ఇచ్చినదే. వెనుక వరుసలో కూర్చోవచ్చు, వినవచ్చు, నిర్ణయాల్లో తలదూర్చరాదు. దరఖాస్తును ముందుగా ఎనిమిది దేశాల సీనియర్ అధికారులు పరిశీలించాలి, తర్వాత మంత్రులు ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఐరోపా సమాఖ్య దరఖాస్తు 2013 నుంచి తుది ఆమోదం కోసం ఎదురుచూస్తూనే ఉంది కనుక, మంచుకు అంతకన్నా త్వరగా పిలుపు వస్తుందని ఆశించడం అన్యాయం. 2050 లోపే కనీసం ఒక సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రం దాదాపు మంచు లేకుండా కనిపించే అవకాశం ఎక్కువగా ఉందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘమైన ఐపీసీసీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ నెలలో విచారణ పెట్టి, దరఖాస్తుదారు ఇచ్చిన చిరునామాలో అందుబాటులో లేనందున ఫైలు మూసివేయడమైనదని రాసుకుంటే, ఎనిమిది దేశాల్లో ఒక్కటి కూడా అభ్యంతరం చెప్పదు.